గ్లవ్స్ కింద పడ్డాక...

2025 ఫిబ్రవరి 16, ఆదివారం. మన దగ్గర ఉదయం ఆరున్నర. కెనడాలోని మాంట్రియల్‌లో శనివారం రాత్రి. నాలుగు దేశాల ఐస్‌హాకీ టోర్నీలో అమెరికా, కెనడా తలపడుతున్నాయి. కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నానో లేదో, ఆట మొదలైన రెండో సెకనుకే ఇద్దరు ఆటగాళ్లు కర్రలు పారేసి, చేతులకున్న గ్లవ్స్ విసిరేసి పిడిగుద్దులకు దిగారు. వాళ్లను విడదీసి శిక్షగా బయట కూర్చోబెట్టి ఆట మళ్లీ మొదలుపెడితే, మరుసటి సెకనుకే ఇంకో జత. తొమ్మిదో సెకనుకు మూడో జత. అమెరికా వైపు కొట్టుకున్న ముగ్గురిలో ఇద్దరు సొంత అన్నదమ్ములు, మాథ్యూ, బ్రాడీ కచక్. ఇదంతా ముందే అనుకుని వచ్చిందేనని తర్వాత వాళ్లే చెప్పారు.

నేను సోఫాలోంచి లేచి నిలబడి అరిచాను. దాచుకోవడం ఎందుకు, సంతోషంతోనే అరిచాను. ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో గడిపిన తొమ్మిదేళ్లలో అంటుకున్న పిచ్చి ఇది. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా తెల్లవారుజామున ఐదున్నరకు లేచి మరీ చూస్తుంటాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, ‘‘ఇది ఆటా, బస్టాండులో గొడవా?’’ అంది. అరగంటకు న్యూజెర్సీ నుంచి మేనల్లుడి వీడియో కాల్. పన్నెండేళ్లవాడు. ‘‘మామయ్యా, చూశావా!’’ అంటూ ఎగిరి గంతేస్తున్నాడు. వాడూ ఐస్‌హాకీ ఆడతాడు. వాడి పక్కనుంచి మా చెల్లి ఫోను లాక్కుని ఒక్కటే అడిగింది: ‘‘అన్నయ్యా, వచ్చే సీజన్ నుంచి వీళ్ల ఆటలో కూడా గుద్దుకోవడం మొదలవుతుందట. ఆడనివ్వాలా, మానిపించాలా?’’

నాకు వెంటనే జవాబు తోచలేదు. పదిహేనేళ్లుగా చూస్తున్న ఆటను ఒక తల్లి కళ్లతో ఎప్పుడూ చూడలేదని అప్పుడే తెలిసింది. డాలస్‌లోనో, టొరంటోలోనో, న్యూజెర్సీలోనో మీ పిల్లలో, వాళ్ల పిల్లలో ఉంటే ఈ ప్రశ్న ఏదో ఒక రోజు మీ ఇంటికీ రావచ్చు. అందుకే ఈ వ్యాసం.

కొట్టుకోవచ్చు, ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు

తెలియనివారికి రెండు ముక్కలు. ఐస్‌హాకీలో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఒకేసారి మంచు మీద ఉంటారు. కాళ్లకు కత్తుల్లాంటి స్కేట్లు. గట్టి రబ్బరు బిళ్లను కర్రతో కొడితే ఒక్కోసారి గంటకు 160 కిలోమీటర్లు దాటుతుంది. బిళ్ల దగ్గరున్న ఆటగాణ్ని భుజంతో, తుంటితో ఢీకొట్టి పక్కకు తోసేయడం నిబంధనల ప్రకారం తప్పు కాదు. దాన్నే బాడీ చెకింగ్ అంటారు.

పిడిగుద్దులు వేరు. అవి తప్పే. కానీ అమెరికా, కెనడాలలో 32 జట్లతో సాగే ప్రధాన లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ తప్పుకు శిక్ష ఐదు నిమిషాలు బయట కూర్చోవడం. 1922 నుంచి స్థూలంగా ఇదే పద్ధతి. ఆ తర్వాత మళ్లీ వచ్చి ఆడుకోవచ్చు. కావాలని గొడవ మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష ఉంది. కొట్టుకునే ముందు హెల్మెట్ తీసేస్తే మరో రెండు నిమిషాలు. రిఫరీలు వెంటనే అడ్డుపడరు. ఇద్దరిలో ఒకరు కింద పడేదాకానో, అలసిపోయేదాకానో పక్కనే నిలబడి చూస్తారు. అదే ఒలింపిక్స్‌లోనో, అమెరికా కాలేజీ పోటీల్లోనో అయితే కొట్టుకున్నవాణ్ని నేరుగా ఇంటికి పంపేస్తారు. కెనడాలో క్యుబెక్ జూనియర్ లీగ్ కూడా 2023-24 సీజన్ నుంచి ఆ బాటే పట్టింది.

ఇందులో ఒక వింత మర్యాద కూడా ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే పోట్లాట. కింద పడినవాణ్ని కొట్టకూడదు. జార్జ్ లరాక్ అనే భారీ మనిషి ఓ మ్యాచ్‌లో తనతో తలపడబోయేవాడికి ముందు ‘గుడ్ లక్’ చెప్పి మరీ కొట్టాడు. మైకులో రికార్డైన ఆ మాట అభిమానులందరికీ కంఠతా. అదే లరాక్, కొట్లాట తనకు ఎప్పుడూ ఇష్టం లేదని తర్వాత చెప్పుకొచ్చాడు. ఆ సంగతి మాత్రం అంతగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అభిమానుల వాదన ఎప్పుడూ ఒకటే. మంచు మీద పోలీసు ఉండాలి. వేన్ గ్రెట్జ్‌కీ లాంటి బక్కపలచని మేధావి అన్ని గోల్స్ చేయగలిగాడంటే, ఎడ్మంటన్‌లో అతని వెనక డేవ్ సెమెంకో, మార్టీ మెక్‌సోర్లీ లాంటి కండబలం ఉండబట్టే. 1988లో గ్రెట్జ్‌కీ లాస్ ఏంజెలెస్ జట్టుకు మారినప్పుడు మెక్‌సోర్లీని కూడా తనతో పంపాల్సిందేనని పట్టుబట్టాడు. అతని మీద చెయ్యి వేస్తే తర్వాత ఏమవుతుందో ప్రత్యర్థికి తెలుసు. ఈ భయమే ఆటను అదుపులో ఉంచుతుందని మేమంతా నమ్ముతాం.

నమ్మేవాళ్లమనాలేమో. 1980లలో దాదాపు మ్యాచ్‌కొక కొట్లాట ఉండేది. ఇప్పుడు నాలుగైదు మ్యాచ్‌లకు ఒకటి. అయినా స్టార్ ఆటగాళ్లు రాలిపోలేదు, ఆట వేగం పెరిగింది. పైగా కప్పు కోసం ప్లేఆఫ్స్ మొదలయ్యాయంటే కొట్లాటలు చాలావరకు మాయమైపోతాయి. అసలైన యుద్ధం మొదలయ్యాక పోలీసు అవసరం లేకపోవడమేమిటి? ఐదు నిమిషాల శిక్ష జట్టుకు ఖరీదైనది కాబట్టి. అంటే మానుకోగలరు, మానుకోవాలనుకుంటే. ఇక ‘పోలీసు’ మెక్‌సోర్లీయే 2000లో కర్రతో ప్రత్యర్థి డొనాల్డ్ బ్రషియర్ తల మీద కొట్టి కోర్టులో దోషిగా తేలాడు. 2004లో టాడ్ బెర్టూజీ పాత పగ తీర్చుకోబోయి స్టీవ్ మూర్‌ను వెనకనుంచి కొట్టి మంచు మీద పడేస్తే మూర్ మెడలో మూడు వెన్నుపూసలు విరిగాయి. మూర్ మళ్లీ ఆ లీగ్‌లో ఆడలేదు.

కొబ్బరికాయలో నీళ్లలా

ఇక మన ఆరోగ్యం పేజీకి కావలసిన సంగతి. తలకు దెబ్బంటే మనం పుర్రె పగిలిందా, రక్తం వచ్చిందా అని చూస్తాం. అసలు కథ లోపల జరుగుతుంది. మెదడు పుర్రెకు అతుక్కుని ఉండదు. ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా కుదుపుకు గురైనప్పుడు, ముఖ్యంగా దవడ మీద పడ్డ గుద్దుకు తల గిర్రున తిరిగినప్పుడు, పుర్రె ఆగినా మెదడు ఆగదు. నాడీకణాల సన్నటి తీగలు సాగిపోతాయి. దాన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పాలనేమీ లేదు. చాలామందికి తప్పదు కూడా. సీటీ స్కాన్ తీస్తే చాలాసార్లు అంతా మామూలుగానే కనిపిస్తుంది. ‘స్కాన్‌లో ఏమీ లేదు కదా’ అని మనం ఊపిరి పీల్చుకునేది అక్కడే. రక్తస్రావం లేదని మాత్రమే ఆ స్కాన్ చెబుతుంది. కంకషన్ లేదని చెప్పదు.

హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది. లోపల మెదడు కదలికను పూర్తిగా ఆపలేదు. కొట్లాటల్లో మరో ప్రమాదం, ఆ హెల్మెట్ కూడా ఊడిపోవడం. 2008 డిసెంబరులో కెనడాలోని ఓ స్థానిక లీగ్ మ్యాచ్‌లో 21 ఏళ్ల డాన్ శాండర్సన్ హెల్మెట్ కొట్లాటలో ఊడింది. ఇద్దరూ పట్టుకునే కింద పడ్డారు. తల మంచుకు తగిలింది. కోమాలోకి వెళ్లి 2009 జనవరి 2న చనిపోయాడు. ప్రాణం తీసింది గుద్దు కాదు, గట్టి మంచు.

కంకషన్‌లో అసలు భయపడాల్సింది రెండో దెబ్బకు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అచ్చం అదే. సిడ్నీ క్రాస్బీ ఈ తరం మేటి ఆటగాడు. 2011 జనవరి 1న తలకు దెబ్బ తగిలింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఆడాడు, మళ్లీ తగిలింది. తిరిగి మంచు మీద కాలు పెట్టింది నవంబరు 21న. పదిన్నర నెలలు! ప్రపంచంలోనే ఖరీదైన వైద్యం అందుబాటులో ఉన్న 23 ఏళ్ల కుర్రాడి సంగతి ఇది. గమనించాల్సింది ఏమిటంటే, క్రాస్బీ రెండు సార్లూ ఎవరితోనూ కొట్లాడలేదు. మామూలు ఆటలోనే తగిలింది.

ఇక్కడ నాలాంటి అభిమానికి ఒక వాదన దొరుకుతుంది. ఎన్‌హెచ్‌ఎల్ కంకషన్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో కొట్లాటల వల్ల వచ్చినవి పదింట ఒకటి కన్నా తక్కువే. ఎక్కువ భాగం ఢీకొట్టడం వల్లే. కాబట్టి కొట్లాటను నిషేధిస్తే తలలన్నీ భద్రమని అనుకోవడం భ్రమ. 2021 డిసెంబరులో పంజాబీ మూలాలున్న జుఝార్ ఖైరాను ఒక ప్రత్యర్థి భుజంతో ఢీకొడితే స్పృహ తప్పి స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు. రిఫరీలు దానికి ఏ శిక్షా వేయలేదు. నిబంధనల ప్రకారం అది సరైన దెబ్బే. ఈ వాదన నిజమే. కానీ ఇది కొట్లాటను సమర్థించదు, ఢీకొట్టడాన్ని కూడా అనుమానించమంటుంది. వాదన గెలిచి కేసు ఓడిపోవడమంటే ఇదే.

బూగార్డ్ కథ

డెరిక్ బూగార్డ్ గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడకూడదు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 277 మ్యాచ్‌లు ఆడి చేసిన గోల్స్ మూడే మూడు. అతణ్ని తీసుకున్నది గోల్స్ కోసం కాదు, పిడికిళ్ల కోసం. మిన్నెసోటాలో అతని పేరున్న జెర్సీలు పిల్లలు ఇష్టంగా కొనుక్కునేవారు. న్యూయార్క్ జట్టు నాలుగేళ్లకు 65 లక్షల డాలర్లిచ్చి తీసుకెళ్లింది. ఆ మొదటి సీజన్‌లోనే, 2010 డిసెంబరులో, ఓ కొట్లాటలో తలకు దెబ్బ తగిలింది. మళ్లీ ఆడలేదు. 2011 మే 13న, 28 ఏళ్లకే చనిపోయాడు. మద్యం, నొప్పి మాత్ర ఆక్సికోడోన్ రెండూ కలిసి ప్రాణం తీశాయి. వీపు, భుజం, చేతి వేళ్ల కీళ్లు, ముక్కు... నొప్పి లేని భాగం లేని శరీరం అది. నొప్పికి మాత్రలు, నిద్రకు మాత్రలు. చివరికి మాత్రలే వ్యసనం.

తల్లిదండ్రులు అతని మెదడును బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులకు ఇచ్చారు. క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, క్లుప్తంగా సీటీఈ అనే జబ్బు ఆనవాళ్లు 28 ఏళ్ల మెదడులో కనిపించాయి. పదే పదే తగిలే దెబ్బల వల్ల టౌ అనే ప్రొటీన్ మెదడులో అసహజంగా పేరుకుపోవడమే ఈ జబ్బు. కోపం, కుంగుబాటు, మతిమరుపు, అదుపులేని ప్రవర్తన, ఏళ్లు గడిచాక మతిభ్రంశం. మనిషి బతికుండగా దీన్ని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇప్పటికీ లేదు. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే న్యూజెర్సీ వైద్యుడు బాక్సర్లు తాగినవాళ్లలా తూలడం, తడబడటం గమనించి వైద్య పత్రికలో రాశాడు. వందేళ్లు కావస్తోంది.

2024 డిసెంబరులో బోస్టన్ బృందం మరో అధ్యయనం వెలువరించింది. దానంగా వచ్చిన 77 మంది హాకీ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 42 మందిలో సీటీఈ ఉంది. వాళ్లలో ఎన్‌హెచ్‌ఎల్ ఆడినవారు 19 మంది ఉంటే 18 మందికి ఉంది. ఆట ఆడిన ప్రతి అదనపు ఏడాదికీ ముప్పు సుమారు 34 శాతం చొప్పున పెరుగుతోందని లెక్కగట్టారు. అంటే ఇది కొట్లాడేవాళ్ల జబ్బు మాత్రమే కాదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏదో తేడా ఉందని అనుమానం వచ్చిన కుటుంబాలే సాధారణంగా మెదడు దానం చేస్తాయి. అందుకని హాకీ ఆడినవాళ్లందరిలో ఇంత శాతం అని లెక్కవేయడం తప్పు. 2023లో వచ్చిన ఇంకో అధ్యయనం 6 వేల మందికి పైగా ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ల వివరాలు చూసింది. కొట్లాటే పనిగా ఆడినవాళ్లు మిగతావారికన్నా ఎక్కువ మంది చనిపోలేదు. కానీ చనిపోయినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. మత్తుమందులు, ఆత్మహత్యలే కారణమైన మరణాలు వాళ్లలో ఎక్కువ.

లీగ్ ఏమంటోంది? హాకీకి, సీటీఈకి కార్యకారణ సంబంధం రుజువు కాలేదన్నది కమిషనర్ గ్యారీ బెట్‌మన్ ఏళ్ల తరబడి చెబుతున్న మాట. మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కితే 2018లో 318 మందికి మొత్తం 1.89 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. మనిషికి 22 వేల డాలర్లు. తప్పు ఒప్పుకోలేదు. పక్కనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఇలాంటి కేసులోనే చెల్లించింది వంద కోట్ల డాలర్లకు పైమాటే. సైన్సులో వంద శాతం రుజువు కోసం ఎదురుచూడటం శాస్త్రవేత్తకు అందం. లీగ్ యజమానికి అది లాభం.

ఊపిరితిత్తికి చిల్లు పడినా...

కొట్లాట సంగతి పక్కన పెడదాం. నా మనసులో ‘అసలైన మొనగాడు’ అంటే పాట్రీస్ బెర్జరాన్. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్. పక్కటెముక విరిగి ఉంది, దాని మృదులాస్థి చీలి ఉంది, భుజం కీలు తప్పి ఉంది. అయినా ఆడాడు. మ్యాచ్ అయ్యాక చూస్తే ఊపిరితిత్తికి చిల్లు. ఆసుపత్రిలో చేర్చారు. అదే ఏడాది అదే జట్టులోని గ్రెగరీ క్యాంప్‌బెల్ బిళ్లకు అడ్డంగా పడుకుంటే కాలి ఎముక విరిగింది. ఒంటికాలి మీద లేచి నిలబడి, దాదాపు నిమిషం పాటు అలాగే ప్రత్యర్థిని అడ్డుకున్నాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి.

మా చెల్లి ప్రశ్న తర్వాత మళ్లీ చూశాను. ఈసారి కళ్లు చెమర్చలేదు. చిల్లు పడ్డ ఊపిరితిత్తితో ఢీకొట్టే ఆటలోకి మనిషిని పంపిన పద్ధతి ఏమిటి అనిపించింది. ఈ లీగ్‌లో గాయాన్ని ‘ఒంటి పైభాగం’, ‘కింది భాగం’ అని మాత్రమే చెబుతారు. ఎక్కడ నొప్పో తెలిస్తే ప్రత్యర్థి అక్కడే కొడతాడని. దాచడం అలా అలవాటవుతుంది. విరిగిన కాలు దాగదు, కుంటుతూ పట్టిస్తుంది. మెదడు దెబ్బ తేలిగ్గా దాగిపోతుంది. అందుకే ఇప్పుడు ప్రేక్షకుల మధ్య, టీవీల ముందు పరిశీలకులను పెట్టి, అనుమానం వస్తే ఆటగాడు ఒప్పుకున్నా లేకున్నా పరీక్షకు బయటికి రప్పిస్తున్నారు. అతని మాట నమ్మడానికి లేదని లీగే ఒప్పుకున్నట్టు.

నొప్పి మందుల కథ మనకు మరీ దూరం కాదు. ర్యాన్ కెస్లర్ అనే ఆటగాడు నొప్పి తెలియకుండా ఆడటానికి ఏళ్ల తరబడి వాడిన టొరడాల్ వల్ల తన పేగులు దెబ్బతిన్నాయని చెప్పాడు. టొరడాల్ అంటే కీటోరొలాక్. మన దగ్గర పంటినొప్పికి, నడుంనొప్పికి మందుల దుకాణంలో చీటీ లేకుండానే అడిగి తెచ్చుకుంటున్న మాత్రే. దాన్ని ఐదు రోజులకు మించి వాడకూడదు. కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాలకు హాని కలిగించే మందు అది. మీ ఇంట్లో మాత్రల డబ్బాలో ఉందేమో ఒకసారి చూడండి.

ఆటలో రక్షణకు ఎప్పుడూ మొదట ఎగతాళే ఎదురైంది. 1959లో బిళ్ల తగిలి ముఖం చీరుకుపోయాక జాక్ ప్లాంట్ అనే గోల్‌కీపర్ మాస్క్ పెట్టుకుంటానంటే కోచ్ ఒప్పుకోలేదు. మాస్క్ లేకుండా ఆడనని ప్లాంట్ మొండికేశాడు. 1968లో బిల్ మాస్టర్‌టన్ హెల్మెట్ లేక తలకు దెబ్బ తగిలి చనిపోయినా, కొత్తవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి అయ్యింది 1979లో. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఆడం జాన్సన్ మెడ స్కేటు తగిలి తెగి చనిపోయాక, ఎన్‌హెచ్‌ఎల్‌లోకి 2026-27 నుంచి అడుగుపెట్టే కొత్తవాళ్లకు మెడకు రక్షణ తప్పనిసరి చేశారు. పాతవాళ్లకు ఇష్టముంటేనే. ప్రతి మార్పూ ఒక చావు ఖరీదు.

చెల్లికి ఏం చెప్పాను

మొదట భయం తగ్గించే మాట. పిల్లల హాకీలో కొట్లాటకు చోటు లేదు. కొట్టుకుంటే ఆ మ్యాచ్ నుంచి బయటికే. ఢీకొట్టడం కూడా 12 ఏళ్లలోపు వారికి లేదు. అమెరికాలో 2011లో, కెనడాలో 2013లో ఈ వయసు పెంచారు. దానికి కారణం ఒక చక్కని పోలిక. అప్పట్లో ఆల్బెర్టా రాష్ట్రంలో 11-12 ఏళ్ల పిల్లలు ఢీకొట్టుకోవచ్చు, క్యుబెక్‌లో కూడదు. రెండుచోట్లా గాయాలు లెక్కిస్తే ఆల్బెర్టా పిల్లలకు ముప్పు మూడు రెట్లకు పైగా ఉందని 2010లో తేలింది. నిబంధన మారితే గాయం తగ్గుతుందనడానికి ఇంతకన్నా తేటైన రుజువు అక్కర్లేదు. ఢీకొట్టడం లేని లీగులు పెద్ద పిల్లలకూ కొన్ని ఊళ్లలో ఉంటాయి, అడిగి చూడు అన్నాను.

ఆడిస్తే మాత్రం ఇవి తెలియాలి. దెబ్బ తర్వాత తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబు, ఇప్పుడే జరిగింది మరిచిపోవడం, ఊరికే చిరాకు, నిద్రలో తేడా. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. ‘ఇంకో పది నిమిషాలే’ అన్నా కుదరదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను, టీవీ తక్కువ. తర్వాత మెల్లగా నడక, చదువు, తేలికపాటి సాధన. ఏ మెట్టు మీద లక్షణాలు తిరిగొస్తే అక్కడ ఆగాలి. డాక్టరు సరేనన్నాకే మ్యాచ్. పదే పదే వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, ఫిట్స్, కాలో చెయ్యో బలహీనం, కంటిపాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం, లేపినా లేవని మత్తు ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఇవి హాకీకే కాదు. మన వీధిలో స్కూటర్ మీంచి పడి ‘ఏం కాలేదులే’ అని దులుపుకుని లేచేవాడికీ ఇవే.

మావాడు ఈ సీజన్ ఆడుతున్నాడు. అమ్మానాన్న ఒక్క షరతు పెట్టారు: తలనొప్పి వస్తే దాచకూడదు. మొన్న జనవరిలో రింకు అంచునున్న గోడకు గుద్దుకున్నాడు. బెంచీ మీదికొచ్చి తనే కోచ్‌తో చెప్పాడు. రెండు వారాలు కూర్చోబెట్టారు. ఆ రెండు వారాల్లోనే వాళ్ల టోర్నీ సెమీఫైనల్ ఉంది. జట్టు ఓడిపోయింది. నిన్న ఫోనులో, ‘‘ఆ రోజు చెప్పకుండా ఉంటే బాగుండేది మామయ్యా, అందరూ నావల్లే అంటున్నారు’’ అన్నాడు. జట్టులో ఎవరన్నారురా అని అడిగితే చెప్పలేదు. బెర్జరాన్ వీడియోలు వాడికి పంపింది నేనే.